చదువుకునే పిల్లలకి ‘ఏకాగ్రత బ్యాండ్’: రెండు స్టార్లు

ఇంటర్ చదివే మా మేనల్లుడి కోసం అక్క ఈ బ్యాండ్ ఆన్‌లైన్‌లో తెప్పించింది. నుదుటికి పెట్టుకుంటే ఏకాగ్రత ఎంతుందో ఫోన్ యాప్‌లో స్కోరు చూపిస్తుందట. పేరు చెప్పను, ఇలాంటివి మార్కెట్లో బోలెడు. నేను హాస్పిటల్లో ఈఈజీ (నెత్తిమీంచి మెదడు కరెంటుని నమోదు చేసే పరీక్ష) టెక్నీషియన్‌ని కాబట్టి “కాస్త చూసి చెప్పరా” అంటూ నా చేతిలో పెట్టింది.

బ్యాండ్ తేలిగ్గా ఉంది, పట్టీ మెత్తగా ఉంది, చార్జింగ్ బాగానే ఆగుతోంది. ఒళ్లు మండింది డబ్బా మీద రాత చూసి. మెదడు లోతుల్లో ఉండే క్లాస్ట్రమ్ అనే ‘అటెన్షన్ కేంద్రాన్ని’ నేరుగా కొలుస్తుందట!

క్లాస్ట్రమ్ అంటే ఇన్సులాకి (మెదడు పక్కభాగంలో లోపలికి మడతపడి ఉండే కార్టెక్స్, అంటే మెదడు పైపొర, ముక్క) లోపలివైపు రేకులా పరుచుకున్న సన్నటి పొర. కొన్నిచోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని పనేమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టిన ఫ్రాన్సిస్ క్రిక్ 2004లో పోయేముందు న్యూరోసైంటిస్ట్ క్రిస్టాఫ్ కోక్‌తో కలిసి రాస్తున్న వ్యాసం దీని గురించే, 2005లో అచ్చయింది. మేం నెత్తిమీద టేపుతో కొలిచి, పేస్టు పూసి 21 ఎలక్ట్రోడ్లు అంటించినా ముఖ్యంగా దొరికేది పైనున్న కార్టెక్స్ సందడే. అంత లోతున ఉన్న రేకు సంకేతాన్ని నుదుటి మీది రెండు బిళ్లలు ఎలా విడదీస్తాయి?

సరే, పెట్టి చూశాం. వాడు ఇంటిగ్రేషన్ లెక్క చేస్తుంటే స్కోరు అరవై దగ్గర తిరిగింది. లెక్క ఆపేసి గోడకేసి చూస్తూ పళ్లు బిగించమన్నాను, తొంభై దాటింది. దవడ కండరాల కరెంటు బీటా తరంగాల్లో (ఈఈజీలో కనిపించే వేగమైన మెదడు తరంగాలు) కలిసిపోతుంది, యాప్ దాన్నే ఏకాగ్రత అనుకుంటోంది. “పళ్లు కొరికితే ర్యాంకు వస్తుందా మావయ్యా?” అన్నాడు వెధవ.

అసలు తమాషా ఇంకోటుంది. స్కోరు తగ్గగానే పక్కనున్న ఫోన్ టింగుమంటుంది. 2018లో జెరూసలేం పరిశోధకులు చిట్టెలుకల క్లాస్ట్రమ్ కణాల్ని అణిచి చూశారు. చప్పుడు లేకపోతే అవి పని బాగానే చేశాయి, మధ్యలో అక్కర్లేని చప్పుళ్లు వస్తే తడబడ్డాయి. అంటే అడ్డొచ్చే గోలని పక్కన పెట్టడంలో దానికి పాత్ర ఉండొచ్చని. ఆ పేరు చెప్పి అమ్మే వస్తువేమో తనే గోల చేస్తోంది! ఆ టింగు ఆపేసే సెట్టింగ్ కోసం యాప్ అంతా వెతికాను, లేదు.

రెండు స్టార్లూ బ్యాటరీకీ పట్టీకీ. కొంటే మాత్రం డబ్బా పారేయకండి, డబ్బా లేకపోతే రిటర్న్ తీసుకోవట్లేదు.