గ్రాఫీనా, నానోట్యూబా? ముందు షట్టరు సంగతి చూడండి

ప్రాజెక్టు అంశాలు తేల్చుకునే రోజులొస్తే నా ఫోనుకి ఒకటే ప్రశ్న. అమలాపురం నుంచి ఒకరు, పాలకొల్లు నుంచి ఇద్దరు, పోయిన వారం రాజోలు నుంచి ఇంకొకడు. "సార్, గ్రాఫీన్ తీసుకోమంటారా, నానోట్యూబులా? గ్రాఫీనే ఫాస్టంట కదండీ. నోబెల్ కూడా దానికే ఇచ్చారు కదండీ, ఆయ్." విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. పైగా ఈ ఏడు మా ల్యాబ్‌లో మేమూ ఇదే తేల్చుకోవాల్సొచ్చింది, రొయ్యల చెరువు నీళ్ళలో అమ్మోనియాని పట్టే సెన్సరు కోసం. అందుకని ఒకేసారి రాసి పెడుతున్నా. గ్రాఫీన్ అంటే తేనెపట్టు గళ్ళలా అల్లుకున్న, ఒక్క అణువు మందమే ఉన్న కర్బన పొర, నానోట్యూబంటే అదే పొర చుట్టిన సన్నటి గొట్టం, 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవోసెలోవ్ టేపు అంటించి గ్రాఫైట్ పొరలు లాగడం, 2010లో నోబెల్, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

ముందు ఆ ఫాస్టు గొడవ వదిలించుకుందాం. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ మొబిలిటీ (వోల్టేజీ పెడితే ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే అంకె, వోల్టు-సెకనుకి చదరపు సెంటీమీటర్లలో) 1,400 దగ్గర ఉంటే, సిలికాన్ ఆక్సైడ్ మీద పరిచిన గ్రాఫీన్‌లో 10,000 దాటడం మామూలే. కింద ఆధారం తీసేసి గాల్లో వేలాడదీసి, బాగా చల్లబరిచి 2008లో కొలిస్తే 2 లక్షల దాకా వచ్చింది. ఎలక్ట్రాన్లు బరువే లేనట్టు సెకనుకి 10 లక్షల మీటర్ల వేగంతో పోతాయి. నిజమే. అయితే నానోట్యూబు కూడా తక్కువేం తినలేదు, అది చుట్ట చుట్టిన అదే పొర కాబట్టి. మంచి సెమీకండక్టర్ ట్యూబులో మొబిలిటీ లక్ష దగ్గరికి పోతుంది. వేగం దగ్గర రెండింటికీ తేడా పెట్టి పేచీ పడక్కర్లేదు.

తేడా ఎక్కడుందో మా పెదనాన్న నాకు ముందే చెప్పాడు, గ్రాఫీన్ పేరు వినకుండానే. ఆయన కాలవ లస్కరుగా చేశాడు. సైకిలు ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని లొల్ల లాకుల దాకా తీసుకెళ్ళేవాడు. షట్టరు చక్రానికి గ్రీజు రాస్తూ ఆయన చూసేది పారే నీళ్ళని కాదు. షట్టరు పూర్తిగా దించేశాక అడుగు నుంచి ఎంత కారుతోందో చూసేవాడు. "వదలడానికేముందిరా, గోదారి దానంతటదే వచ్చేస్తాది. కట్టెయ్యడం రావాలి," అనేవాడు. వంతుల రోజుల్లో పై తూము కారిందంటే శివారు రైతు ఆయన మీదికే కదా వచ్చేది.

ట్రాన్సిస్టర్లో, అంటే కరెంటుని వదిలి ఆపే స్విచ్చులో, పేర్లన్నీ కాలవ పేర్లే, గమనించారా? కరెంటు బయల్దేరే సోర్సు, దాన్ని ఆపే గేటు, అది వెళ్ళి చేరే డ్రెయిన్. డ్రెయిన్ అనగానే మా పిల్లలకి ఊరవతల గుర్రపుడెక్క పేరుకున్న మురుగు కాలవ గుర్తొస్తుంది. తప్పేం లేదు, చివరికి అన్నీ చేరేది అక్కడికే. ఇక ఆ గేటు పనిచేస్తుందా లేదా అన్నదే మొత్తం ప్రశ్న.

గ్రాఫీన్‌లో పనిచెయ్యదు. పూర్తిగా మూసుకోదు, అంతే. యూనిట్ సెల్‌లో (పొరంతా మళ్ళీ మళ్ళీ వచ్చే అతి చిన్న గడిలో) ఉన్న రెండు కర్బన అణువులూ కవలలు, ఒకదానికీ ఇంకోదానికీ ఏ తేడా లేదు. ఆ సమానత్వం వల్లే ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదిలే శక్తి మెట్లు (కండక్షన్ బ్యాండు), నిండిపోయి ఉండే మెట్లు (వేలెన్స్ బ్యాండు), ఈ రెండూ ఎలక్ట్రాన్ తరంగాల పటంలో కె అనే బిందువు దగ్గర ఒకదానికొకటి తగిలి ఆగుతాయి. మధ్య సందు, అంటే గ్యాప్, సున్నా. ఆ సందు ఉంటేనే గేటు కరెంటుని పూర్తిగా కట్టెయ్యగలదు. 1947లోనే వాలెస్ గ్రాఫైట్ కోసం లెక్క కట్టినప్పుడు ఈ సంగతి బయటపడింది. గేటు వోల్టేజీతో ఎలక్ట్రాన్లని తగ్గిస్తూ పోండి, అవి అయిపోయేసరికి రెండో వైపు నుంచి హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ఇవీ కరెంటు మోస్తాయి) మొదలవుతాయి. సరిగ్గా మధ్యలో, ఏమీ లేదనుకునే చోట కూడా, వాహకత సున్నా కాదు. చదరానికి కొన్ని కిలో ఓముల నిరోధం చూపించి అక్కడితో ఆగిపోతుంది.

పోనీ అడ్డంగా వోల్టేజీ గోడ కడదామా? 2006లో కాట్స్‌నెల్సన్, నొవోసెలోవ్, గైమ్ లెక్కేసి చూపించారు: గోడకి నిట్టనిలువుగా ఎదురొచ్చిన ఎలక్ట్రాన్, గోడ ఎంత ఎత్తున్నా నూటికి నూరుపాళ్ళూ దాటేస్తుంది. గోడ లోపల హోల్ వేషం కట్టి, బయటికొచ్చాక మళ్ళీ ఎలక్ట్రాన్ అయిపోతుంది. దీన్నే క్లైన్ టన్నెలింగ్ అంటారు. 1929లో క్లైన్ కాంతివేగానికి దగ్గరగా పోయే కణాల గురించి రాసిన వింత, పెన్సిలు ముక్కలో కనబడటం ఎంత అందంగా ఉంటుందో నేను కాదనను. కానీ షట్టరు కావాల్సినవాడికి ఆ అందంతో ఏం పని?

మా ల్యాబ్‌లో దీన్ని కళ్ళారా చూశాం. రాగి రేకు మీద పెంచి, ఆక్సైడ్ ఉన్న సిలికాన్ ముక్క మీదికి మార్చిన గ్రాఫీన్ కొని తెచ్చాం. వెండి పేస్టుతో రెండు తీగలు అంటించి, అడుగున గేటు వోల్టేజీని మైనస్ 40 నుంచి ప్లస్ 40 దాకా తిప్పాం. తెర మీద గీత మెల్లగా పైకి లేచి, గుట్టలా తిరిగి, మళ్ళీ దిగింది. నిరోధం కిందనుంచి పైకి అయిదు రెట్లు పెరిగింది. చదువుతున్న అమ్మాయి కాసేపు చూసి, "ఆఫ్ ఎక్కడుంది సార్?" అంది. "అదేనమ్మా ఆఫు," అన్నాను. ఆ అమ్మాయి ముఖం చూసి నాకే నవ్వొచ్చింది. గది వేడిలో మామూలు గ్రాఫీన్ ట్రాన్సిస్టర్లో ఆన్‌కీ ఆఫ్‌కీ తేడా పది రెట్లకి అటూ ఇటూ. లాజిక్ సర్క్యూట్‌కి కనీసం పదివేల రెట్లయినా ఉండాలి.

ఇప్పుడు నానోట్యూబు. అదే పొరని చుట్టగానే ఒక షరతు వచ్చి పడుతుంది: ట్యూబు చుట్టూ తిరిగొచ్చిన తరంగం తనతో తాను అతుక్కోవాలి. కాబట్టి ఎలక్ట్రాన్లకి ఎక్కడ పడితే అక్కడ ఉండే వీలు పోయి, సమాన దూరంలో ఉన్న కొన్ని గీతల మీదే చోటు మిగులుతుంది. తాడు పట్టి వరసగా నాట్లేయడం చూశారుగా? చేలో ఒకచోట మేకు దిగ్గొట్టారనుకోండి, అది కె బిందువు. తాడు సరిగ్గా మేకు మీదుగా పోతే ఆ ట్యూబు లోహం. పోకపోతే సెమీకండక్టర్. మేకు ఎక్కడ పడితే అక్కడ ఉండదు, అదీ తమాషా. అయితే తాడు మీదే ఉంటుంది, లేదంటే రెండు తాళ్ళ మధ్య దూరంలో సరిగ్గా మూడో వంతు పక్కకి జరిగి ఉంటుంది. అందుకే ట్యూబు చుట్టుకున్న తీరుని చెప్పే రెండు అంకెల తేడా మూడుతో భాగింపబడితే లోహం, లేకపోతే సెమీకండక్టర్. కలగలుపుగా పెంచితే మూడో వంతు లోహాలు, రెండొంతులు సెమీకండక్టర్లు.

12, 0 ట్యూబు తీసుకోండి. వ్యాసం 0.94 నానోమీటర్లు, లోహం కిందే లెక్క (వంపు వల్ల చిన్న సందేదో వస్తుంది గానీ గది వేడిలో అది ఆనదు). 13, 0 తీసుకోండి. వ్యాసం 1.02, దాదాపు 0.8 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది శక్తికి కొలత) గ్యాప్. రెండింటి వ్యాసాల తేడా కర్బన బంధం పొడవులో సగానికి కాస్త ఎక్కువ. అంత చిన్న తేడాతో ఒకటి తలుపు లేని తూము, రెండోది గట్టి షట్టరు. సెమీకండక్టర్ ట్యూబుల్లో గ్యాప్ ఎంతో కావాలంటే, 0.8ని నానోమీటర్లలో ఉన్న వ్యాసంతో భాగించండి, సుమారుగా వచ్చేస్తుంది.

ఇంతవరకు వినగానే మీరు నానోట్యూబు పొడికి ఆర్డరు పెట్టేస్తారని నాకు తెలుసు. ఆగండి, నేనూ అదే చేసి దెబ్బ తిన్నాను. డబ్బా మీద అక్షరాలు చూసి ఒక అమ్మకందారు దగ్గర సింగిల్ వాల్ (ఒకే పొరతో చుట్టిన ట్యూబుల) పొడి తెప్పించాం. లోహాలూ సెమీకండక్టర్లూ విడదీయనిది. నీళ్ళలో సబ్బులాంటి సర్ఫాక్టెంట్ వేసి కలిపి పలచటి పొరలా పోస్తే, గేటు ఎంత తిప్పినా కరెంటు మూడు రెట్లు మించి మారలేదు. సోర్సు నుంచి డ్రెయిన్ దాకా లోహపు ట్యూబులే ఒకదాని మీద ఒకటి పడి దారి వేసేశాయి. పది షట్టర్లు దించి ఒక తూము తెరిచి ఉంచినట్టు.

దీనికి విరుగుడు 2001లో ఐబీఎం వాళ్ళు చూపించారు. గేటుతో సెమీకండక్టర్ ట్యూబుల్ని ఆపేసి, అప్పుడు వోల్టేజీ పెంచుకుంటూ పోతే కరెంటంతా లోహపు ట్యూబుల్లోంచే పోయి అవి మాడిపోతాయి. మేమూ చేశాం. మీటర్లో కరెంటు మెట్లు మెట్లుగా పడింది, ఒక్కో మెట్టుకీ పిల్లలు కేకలు. మూడు చిప్పులు పూర్తిగా మాడాయి. నాలుగోది బతికి, ఆన్-ఆఫ్ తేడా కొన్ని వందలకి చేరింది. 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 178 ట్రాన్సిస్టర్లతో చేసిన మొదటి నానోట్యూబు కంప్యూటర్లో కూడా లోహపు ట్యూబుల్ని మాడ్చే వదిలించుకున్నారు. 2019లో ఎంఐటీలో 14 వేల పైచిలుకు ట్రాన్సిస్టర్లతో 16 బిట్ ప్రాసెసర్ వచ్చేనాటికి, 99.99 శాతం శుద్ధి ఉన్న ట్యూబులతోనే నెగ్గుకొచ్చేలా సర్క్యూట్ డిజైన్‌నే మార్చుకున్నారు. అంటే నానోట్యూబు జబ్బు ఏరివేతలో ఉంది, పదార్థంలో లేదు. గ్రాఫీన్ జబ్బు పదార్థంలోనే ఉంది. నా మొగ్గు ఎటో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

గ్రాఫీన్‌కి రావాల్సిన మర్యాద కూడా ఇవ్వాలి. అరచేయంత వైశాల్యంలో ఒకే తీరుగా ఉండటం నానోట్యూబు వల్ల కాదు. ఒక్క పొర తాగే వెలుతురు 2.3 శాతమే, పారదర్శక ఎలక్ట్రోడుకి అంతకన్నా ఏం కావాలి? క్వాంటమ్ హాల్ ప్రభావంతో (బలమైన అయస్కాంత క్షేత్రంలో నిరోధం కచ్చితమైన మెట్లుగా మారడంతో) ఓముకి ప్రమాణం నిలబెట్టడానికి సిలికాన్ కార్బైడ్ మీద పెంచిన గ్రాఫీన్‌ని ప్రమాణాల ల్యాబుల్లో వాడుతున్నారు. ఈ పనులు వేటికీ షట్టరు అక్కర్లేదు, చూశారా?

గ్రాఫీన్‌కి షట్టరు బిగించే ప్రయత్నాలూ ఉన్నాయి. రెండు పొరల గ్రాఫీన్‌కి నిలువుగా విద్యుత్ క్షేత్రం పెడితే పావు ఎలక్ట్రాన్ వోల్టు దాకా గ్యాప్ వస్తుందని 2009లో చూపించారు. సన్నటి రిబ్బన్లుగా కోసినా వస్తుంది గానీ, అంచు ఒక్క అణువంత గరుకైనా లెక్క తప్పుతుంది. 2024లో జార్జియా టెక్, టియాన్‌జిన్ బృందం సిలికాన్ కార్బైడ్ మీద 0.6 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉన్న పొర చేసింది. బాగుంది, కానీ ఆ కొలిమి మన కాలేజీల్లో లేదు. 1.1 డిగ్రీల మెలికతో సూపర్‌కండక్టర్ (నిరోధమే లేనిది) అయ్యే రెండు పొరల సంగతి సెమినారుకి ఉంచుకోండి, ప్రాజెక్టుకి వద్దు. 60 కర్బన అణువుల సీ60 బంతులు సోలార్ సెల్ చేసేవాళ్ళకి. గ్రాఫీన్ ఆక్సైడ్ చవక, చేయడం తేలిక, కరెంటు పోదు. క్షయకరణం చేశాక (ఆక్సిజన్ తీసేశాక) పోతుంది గానీ, అది గతుకుల రోడ్డు. కోనసీమ పిల్లలు తప్పకుండా అడిగే కొబ్బరి చిప్ప బొగ్గు సూపర్ కెపాసిటర్‌కి బంగారం. దాన్ని గ్రాఫీన్ అనకండి.

మరి చెరువు సెన్సరుకి ఏం తీసుకున్నాం? ఇక్కడ నిజానికి గేటు లేకపోయినా నడుస్తుంది, అమ్మోనియానే వచ్చి షట్టరు తిప్పుతుంది. గాల్లో ఉన్న ట్యూబులో కరెంటు మోసేవి హోల్స్. అమ్మోనియా వచ్చి ఎలక్ట్రాన్లిస్తే అవి తగ్గి నిరోధం పెరుగుతుంది. 2000లో స్టాన్‌ఫర్డ్‌లో ఒకే ఒక్క సెమీకండక్టర్ ట్యూబుని ఒక శాతం అమ్మోనియా ఉన్న గాలిలో పెడితే వాహకత సుమారు వంద రెట్లు పడింది. 2007లో మాంచెస్టర్ గ్రాఫీన్ సెన్సరు ఒక్కో వాయు అణువు వచ్చి వాలడాన్ని పట్టింది, అదీ గొప్పే. కాకపోతే అది మార్పు పెద్దదై కాదు, గోల తక్కువై. మన గట్టు మీద ఏరేటర్ల మోటార్ల పక్కన ఆ నిశ్శబ్దం ఎక్కడ తేగలం? నాకు పెద్ద మార్పే కావాలి.

చివరికి కాలవ, అంటే కరెంటు తెచ్చే తీగలు, గ్రాఫీన్‌తోనూ, షట్టరు నానోట్యూబుతోనూ కానిచ్చాం. భీమవరంలో షీల్డుల మీద పేర్లు చెక్కే లేజర్ షాపుకి పసుపు పాలీఇమైడ్ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) షీటు పట్టుకెళ్ళాం. లేజర్ తగిలిన చోటల్లా పసుపు పోయి నల్లటి గరుకు గీత పడింది, వేలితో రాస్తే మసి అంటింది. పాలీఇమైడ్‌ని లేజర్‌తో కాల్చి గ్రాఫీన్ చేసే ఈ పద్ధతిని 2014లో రైస్ యూనివర్సిటీ వాళ్ళు బయటపెట్టారు. రెండు దువ్వెనలు ఎదురెదురుగా పళ్ళు కలిపినట్టు గీయించి, పళ్ళ మధ్య ఏరిన సెమీకండక్టర్ ట్యూబుల ఇంకు చుక్కలు వేసి ఆరబెట్టాం. సీసాలో చెరువు నీళ్ళు, చిటికెడు సున్నం వేసి మూత కింద ఈ ముక్కని వేలాడదీస్తే చాలు. సున్నానికి నీళ్ళలో అమ్మోనియం అమ్మోనియా గ్యాసుగా మారి పైకొస్తుంది, మీటరు ఎక్కుతుంది. వాన రోజుల్లో తేమకే మీటరు ఎక్కేస్తోంది, ఆ తంటా ఇంకా ఉంది. ఎక్కిన అంకె దిగడానికి కూడా చాలా సేపు పడుతోంది. వెనక చిన్న రెసిస్టరు పెట్టి వేడి చేస్తున్నాం.

రాజోలు అబ్బాయికి మాత్రం ఇంకొక్క మాట. ఇంకు కొనేముందు అమ్మేవాళ్ళని మూడు అడుగు: సింగిల్ వాలేనా, సెమీకండక్టర్ శాతం ఎంత, ఆ శాతానికి అబ్జార్ప్షన్ స్పెక్ట్రమ్ (ఏ రంగు వెలుతురుని ఎంత తాగుతుందో చూపే గీత) కాగితం ఇస్తారా. మూడోదానికి నీళ్ళు నమిలితే ఆర్డరు పెట్టకు, నాకు ఫోన్ చెయ్యి. మా దగ్గర మిగిలిన అరసీసా ఉంది, బస్సు మీద పంపిస్తాను.