హన్మకొండల కొత్త బ్రాడ్‌బ్యాండ్ తీస్కునేటోళ్లు జర జాగ్రత్త, లైనక్స్ వాడేటోళ్లయితే ఇంకా జాగ్రత్త

సుబేదారి దిక్కు ఒక లోకల్ ఆపరేటర్ ఆఫర్ అని చెప్పి ఆరు నెలల పైసలు ముందే కట్టించుకుంటున్నడు, పేరు ఇక్కడ రాస్తలేను. కట్టే ముందే అడిగిన, అన్నా మా ఇంట్ల రౌటర్ లేదు, డెబియన్ అనే లైనక్స్ ఏసిన పాత పీసీయే యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తోని డయల్ చేసి ఇంటికంతా నెట్ ఇస్తది, నడుస్తదా అని. మస్తు నడుస్తదన్నడు. ఇప్పుడు కరెంటు పోయి వచ్చిందంటే చాలు నెట్ రాదు, ఫోన్ చేస్తే మీ లైనక్స్ ప్రాబ్లం సార్ విండోస్ ఏస్కోండి అంటరు, పైసలు వాపస్ అడిగితే ఫోనే ఎత్తరు.

లైనక్స్ ప్రాబ్లం అన్నది పచ్చి అబద్ధం. ఇట్ల యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తోని డయల్ చేసే పద్ధతిని పీపీపీవోఈ అంటరు, ఇది 1999ల వచ్చింది, లైనక్స్‌ల, ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఓఎస్‌ల ఏండ్ల సంది నడుస్తున్నది. తప్పెవరిదో లాగ్ చూస్తే ఎరుకైతది. నా దాంట్ల 'టైమౌట్ వెయిటింగ్ ఫర్ పాడో ప్యాకెట్స్' అనే లైనే మళ్ల మళ్ల పడ్తున్నది. అంటే మన పీసీ సర్వర్ ఎవరన్న ఉన్నరా అని పిలుస్తున్నది, అటు నుంచి పలికేటోడు లేడు (ఆ జవాబునే పాడో అంటరు), ఇంకా పాస్‌వర్డ్ దాకా పోనే పోలే. ఓఎన్‌యూ, అంటే ఫైబర్ వైరు వచ్చి చేరే డబ్బా, దాని లైట్లు మంచిగనే ఎలుగుతున్నయి, లాన్ వైరు మార్చి కూడ చూసిన, అదే లైను.

మన దిక్కు చేస్కోవాల్సింది చేస్కోండి, అప్పుడు వాళ్లకు సాకు దొరకది. డయల్ సెట్టింగులుండే పీర్స్ ఫైల్ల, లైను తెగితే మళ్ల డయల్ చేయమనే 'పర్సిస్ట్' ఒక్కటి పెడితే సరిపోదు, ఎందుకంటే డయల్ చేసే ప్రోగ్రాం పీపీపీడీ వరుసగా 10 సార్లు ఫెయిలయితే ఊకుంటది, రాత్రి వాళ్ల సర్వర్ పడిపోతే పొద్దున లేచినంక కూడ నెట్ ఉండది, అందుకే ఎన్నిసార్లు ఫెయిలయినా ఆగొద్దని 'మాక్స్‌ఫెయిల్ 0' కూడ రాయాలె. 'ఎల్‌సీపీ ఎకో ఇంటర్వల్ 20', 'ఎల్‌సీపీ ఎకో ఫెయిల్యూర్ 3' పెడితే 20 సెకన్లకోసారి సర్వర్‌ను పలకరిస్తది, మూడుసార్లు జవాబు రాకపోతే లైను సచ్చిపోయిన సంగతి ఒక నిమిషం అటిటుగా పట్టుకొని మళ్ల డయల్ చేస్తది. కొన్ని సైట్లు తెరుచుకోక సగంల ఆగుతుంటే అది ఎమ్‌టీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌ల పట్టే బైట్ల లెక్క, 1500 కాదు 1492 ఉండాలె, ఇంట్ల మిగతా ఫోన్లకు గూడ నెట్ పంచుతుంటే లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌ల ఎమ్ఎస్ఎస్ క్లాంప్ చేయాలె, అంటే వాటి ప్యాకెట్లు గూడ ఆ సైజుకు మించకుండ చూడాలె.

నేను ఇవన్ని పెట్టినంక కూడ పాడో రాలేదంటే ఇగ తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

ఫిట్టింగ్‌కు వచ్చిన పిలగాన్ని అప్పుడే పంపకండి. వాని ముందట్నే ఓఎన్‌యూ, పీసీ రెండింటి స్విచ్ ఒక్కసారే బంద్ చేసి మళ్ల వేయండి, ఎవరు ముట్టకుండ కనెక్షన్ దానంతటదే వస్తదా చూడండి. కొన్నిచోట్ల పాత సెషన్ సర్వర్ల అట్లనే ఉండిపోయి కొత్త లాగిన్‌ను రానియ్యది, అది గూడ అప్పుడే బయటవడ్తది. రాకపోతే పైసలు కట్టకండి, వస్తే ఒక్క నెలకే కట్టండి.

ఇప్పటికే కట్టి ఇరుక్కున్నోళ్లు రసీదు, టైములతో సహా లాగ్ దగ్గర పెట్టుకొని కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, నేను గూడ చేసిన.