రెండున్నరేళ్లుగా చాట్‌బాట్ వాడుతున్నాను: లెక్కల క్లాసులో, గీత క్లాసులో, ఓదార్పు కోసం వచ్చినవాళ్ల దగ్గర

వారంలో అయిదు రోజులు లెక్కలు చెబుతాను. ఆదివారం గీత క్లాసు. క్లాసయ్యాక కొందరు ఆగి ఇంటి బాధలు చెప్పుకుంటారు, వింటాను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన కొన్ని నెలలకు ఈ పనులన్నిటికీ చాట్‌బాట్లు వాడటం మొదలుపెట్టాను. రెండు మూడు మార్చి చూశాను. ఇక్కడ రాస్తున్నవి అన్నిటిలోనూ ఎంతోకొంత కనిపించినవే.

ముందు లెక్కలు. అరను పావుతో భాగిస్తే ఎనిమిదో వంతు అని రాసే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. క్లాసు మొత్తం చూస్తుండగా లేచి ‘అర్థం కాలేదు మేడమ్’ అనడానికి వాళ్లకు మొహమాటం. అలాంటి ఒక అబ్బాయిని చాట్‌బాట్ ముందు కూర్చోబెట్టాను. ‘జవాబు చెప్పకు, ప్రశ్నలు మాత్రమే అడుగు’ అని ముందే రాసి పెట్టాను. ‘అర లీటరు నీళ్లున్నాయి. పావు లీటరు గ్లాసులు ఎన్ని నిండుతాయి?’ అని అడిగింది. వాడు కాసేపు స్క్రీన్ వంక చూసి ‘రెండు’ అని కొట్టాడు. మరుక్షణం నోటుబుక్కు లాక్కుని పాత జవాబు తనే కొట్టేశాడు. అదే సందేహం ఎనిమిదిసార్లు అడిగినా దానికి విసుగు రాదు. ఈ ఒక్క పనికైనా దాన్ని వదులుకోను. కానీ ముందు ఆ మాట రాయకపోతే నేరుగా జవాబు ఇచ్చేస్తుంది, పిల్లలు ఎక్కించుకుని వెళ్లిపోతారు.

వ్యాసాల విషయంలో నేనే తప్పు చేశాను. ఏఐ రాసిందో కాదో పట్టిస్తామనే ఒక సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ఒక అమ్మాయిని అందరి ముందూ నిలదీశాను. తీరా ఆ వ్యాసం ఆ పిల్ల సొంతంగా రాసిందే. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ, తాను చేసిన అలాంటి సాధనాన్నే కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో ఆపేసింది. ఇప్పుడు ఎవరిమీదైనా అనుమానం వస్తే అయిదు నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని, రాసింది నోటితో చెప్పించుకుంటాను.

గీత దగ్గరికి వచ్చేసరికి ఇంకా జాగ్రత్త కావాలి. దుఃఖం మీద శ్లోకం అడిగితే ఒకసారి 2.74 అని నంబరు వేసి, సంస్కృతంలో, తాత్పర్యంతో సహా ఇచ్చింది. ఎంత బాగుందంటే, అలాగే క్లాసుకు తీసుకెళ్లేదాన్నే. రెండో అధ్యాయంలో ఉన్నవి 72 శ్లోకాలే అని రాసుకునేటప్పుడు గుర్తొచ్చింది. అది పుస్తకం తెరిచి చూసి చెప్పలేదు. తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టుకుంటూ పోయింది, శ్లోకంలా వినిపించేది ఒకటి తయారైంది.

ఇక ఓదార్పు. ఒక భార్యాభర్తలు గొడవపడి వేరువేరుగా నా దగ్గరకు వచ్చారు. ఇద్దరూ ఫోన్లలో చాట్‌బాట్ ఇచ్చిన జవాబులు చూపించారు. ఆవిడ ఫోన్లో న్యాయం ఆవిడది, ఆయన ఫోన్లో న్యాయం ఆయనది. మనుషులు మెచ్చిన జవాబులను చూపించి శిక్షణ ఇస్తారు కాబట్టి అడిగినవాళ్ల పక్షానికి ఒరగడం దానికి అలవాటైపోతుంది. పొగడ్తలు మరీ మితిమీరాయని ఓపెన్‌ఏఐ 2025 ఏప్రిల్‌లో ఒక అప్‌డేట్‌నే వెనక్కి తీసుకుంది.

కానీ నేను మరిచిపోలేనిది కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఫోన్లో చూసింది. రాత్రి రెండింటికి ‘నా వల్లే పోయాడా?’ అని ఆమె చాట్‌బాట్‌ను అడిగారు. ఏడు పాయింట్ల జవాబు వచ్చింది. మొదటిది, ‘మీ భావాలు చెల్లుబాటు అయ్యేవే.’ ఏడుస్తున్న మనిషితో తెలుగులో ఎవరంటారు ఈ మాట? సగంలో ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయింది. నాలుగో పాయింటు పూర్వజన్మ కర్మ. ఆమె మనసులో దిగబడిపోయింది అదే. కర్మ సిద్ధాంతం గ్రంథాల్లో లేనిది కాదు, కానీ ఆ రాత్రి ఆ తల్లితో అనాల్సిన మాటా అది? తెలిసినా చెప్పకుండా ఆగడం దానికి చేతకాదు. ఆమె నా దగ్గరకు వచ్చిన రోజు నేను గంటసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అయినా ఆమె అన్నది కూడా రాయాలి. ‘ఆ టైములో ఎవర్ని లేపుతాను టీచర్ గారూ? దానికి చెప్పుకోవడానికి సిగ్గనిపించలేదు.’ 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ గురించి ప్రకటించారు. మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అలాంటిదానితో మాట్లాడుకోవడానికి ఆయన సెక్రటరీ ఆయన్నే గదిలోంచి వెళ్లమన్నారట. గుండెలో బరువున్నవాళ్లు ఎక్కడో ఒకచోట దించుకుంటారు, ఆమెను తప్పుపట్టలేను. పైగా ఆ జవాబు చివర ‘నమ్మకమైనవాళ్లతో మాట్లాడండి’ అని ఉంది. అది చదివే ఆమె నా దగ్గరకు వచ్చారు.

అప్పటినుంచి నాకు నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఎవరైనా నమ్మి చెప్పుకున్న బాధను పేరు మార్చి కూడా అందులో టైప్ చేయను. గురువులా, పూజారిలా మాట్లాడే బాట్ల జోలికి అసలు పోను. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో క్యాథలిక్ ఆన్సర్స్ సంస్థ ‘ఫాదర్ జస్టిన్’ అనే ఏఐ పాత్రను తెచ్చింది. అది తాను నిజంగానే ఫాదర్‌నని చెప్పుకోసాగింది. కొద్ది రోజుల్లోనే ‘ఫాదర్’ తీసేసి ఉత్త జస్టిన్‌ను చేశారు.

పిల్లల ఫోన్లలో మాత్రం చాట్‌బాట్ పెట్టించను. బడుల్లో దీన్ని వాడటానికి కనీస వయసు 13 ఉండాలని యునెస్కో 2023లో సూచించింది, నా గీత క్లాసులో అంతకంటే చిన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకోసం చాట్‌బాట్ ఇచ్చిన శ్లోకాలు కాగితం మీద రాసుకొస్తాను, అందులో దొంగ శ్లోకం ఏదో వాళ్లు పట్టుకోవాలి. పోయిన ఆదివారం ఒక చిన్నది 18.81 చూడగానే గీత పుస్తకం చివరి పేజీ తీసింది. 78 దగ్గర వేలు పెట్టి, ‘ఇక్కడితో అయిపోయింది మేడమ్, మరి ఇది ఎవరు చెప్పారు?’ అని అడిగింది.