రాలిన కొమ్ముల వేటకు బైనాక్యులర్: వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ 8×42

చలికాలం చివర్లో, ఆకు రాలిన అడవిలో దుప్పి కొమ్ములు వెతకడానికి బైనాక్యులర్ కొనాలనుకుంటే వోర్టెక్స్ కంపెనీ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీలో 8×42 తీసుకోండి. 10×42 వద్దు. ఇందులో మొదటి అంకె బొమ్మను ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. రెండూ షాపులో పక్కపక్కనే ఉంటాయి, ధరలోనూ పెద్ద తేడా ఉండదు, అమెరికాలో చాలా చోట్ల 200, 300 డాలర్ల మధ్యే దొరుకుతాయి. అందుకే చెయ్యి పెద్ద అంకె మీదికి పోతుంది. అడవిలో ఆ పెద్ద అంకె అడ్డమే తప్ప సాయం కాదు. ఎందుకో ఈ సమీక్షలో వివరంగా చెబుతాం.

ముందు ఒక మాట. తెలుగులో అన్నిటినీ జింకలనేస్తాం గానీ మన కృష్ణజింక కొమ్ములు రాలవు, అవి జీవితాంతం ఉంటాయి. ఏటా రాల్చి మళ్లీ పెంచుకునేవి దుప్పులు, కణుజులు. అమెరికా మిడ్‌వెస్ట్‌లో, అంటే విస్కాన్సిన్, అయోవా, మిన్నెసోటా, మిస్సోరి వైపు ఉండే వైట్‌టెయిల్ కూడా ఆ కుటుంబానిదే కాబట్టి ఇక్కడ తెల్లతోక దుప్పి అందాం. జతకట్టే కాలం అయిపోయాక మగదాని ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పడిపోతుంది. తల మీద కొమ్ము కుదురుకున్న చోట ఎముకను ఒంట్లోని కణాలే కొద్దికొద్దిగా కరిగిస్తాయి. చివరికి కొమ్ము దాని బరువుకే ఊడిపోతుంది. డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా ఇది సాగుతుంది. ఆ తర్వాత ఎలుకలు, ఉడతలు, ముళ్లపందులు కాల్షియం కోసం వాటిని కొరకడం మొదలుపెడతాయి. ఆలస్యమైతే కొనలు అరిగిపోయిన కొమ్మే మిగులుతుంది.

ఈ పనికి బైనాక్యులర్ దేనికన్నది చాలామందికి వచ్చే సందేహమే. కొమ్ము ఎక్కడికీ పరిగెత్తదు, నడిచి చూస్తే చాలు కదా అంటారు. నడకలో పోయేది కాళ్ల సత్తువ. అరవై గజాల దూరంలో లోయకు అవతల తెల్లగా ఏదో మెరిసిందనుకోండి. అది బిర్చ్ కొమ్మా, సైకమోర్ బెరడా, మొక్కజొన్న దంటా, నిజంగా కొమ్మేనా అని తేల్చుకోవడానికి వాగు దాటి ఎక్కి దిగితే పదిహేను నిమిషాలు పోతాయి. బైనాక్యులర్‌తో అయిదు సెకన్లలో తేలిపోతుంది. రోజుకి ఇలాంటి అనుమానాలు ముప్పై నలభై వస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. దుప్పులు పడుకునే చోటులోకి దూరకుండా బయటి నుంచే చూడొచ్చు. చలికాలం చివరికి వాటి ఒంట్లో కొవ్వు అడుగంటి ఉంటుంది. మంచులో ఒకసారి బెదరగొట్టి పరిగెత్తించినా వాటికి నష్టమే.

ఇక అంకెల సంగతి. 8×42లో 1000 గజాల దూరంలో 393 అడుగుల వెడల్పు కనిపిస్తుంది, 10×42లో 330 అడుగులు. అడవిలో ఎవరూ 1000 గజాలు చూడరు కాబట్టి 50 గజాలకు లెక్కేద్దాం: 8తో దాదాపు 20 అడుగులు, 10తో పదహారున్నర. వెడల్పులో తేడా చిన్నదనిపిస్తుంది. కానీ చూపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి వైశాల్యంలో తేడా నలభై శాతం పైనే. ఒకే ఏటవాలును 8తో పది చూపుల్లో ముగిస్తే, 10తో పద్నాలుగు చూపులు కావాలి.

వెడల్పు కన్నా ముఖ్యమైనది లోతు, దాని గురించి ఎక్కువగా ఎవరూ చెప్పరు. ఒకసారి ఫోకస్ చేస్తే ముందూ వెనకా ఎంత దూరం స్పష్టంగా ఉంటుందన్నది మాగ్నిఫికేషన్ (ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందన్న అంకె) వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అంటే 10 కన్నా 8లో ఆ లోతు ఒకటిన్నర రెట్లు. బయలు మైదానంలో ఇది పట్టించుకోనక్కర్లేదు. అడవిలో మాత్రం కంటికి, నేలకు మధ్య ఇరవై గజాల దగ్గర ఒక పొద, ముప్పై దగ్గర ఒక మోడు, నలభై దగ్గర మీకు కావలసిన ఆకుల మెత్త ఉంటాయి. 10తో ప్రతి అడుక్కీ ఫోకస్ చక్రం తిప్పుతూనే ఉండాలి, వేలు అలసిపోయేసరికి కన్ను కూడా సరిగ్గా చూడటం మానేస్తుంది.

చెయ్యి వణుకు కూడా అంతే. మందపాటి గ్లోవ్స్, ఎక్కి వచ్చిన ఆయాసం, చల్లగాలి, మూడూ కలిస్తే 10లో బొమ్మ నిలవదు. చిన్న కొన తెల్లగా కనబడి మాయమైపోతుంది. 8లో చెట్టుకు భుజం ఆనించి నిలబడితే చాలు. 42ని 8తో భాగిస్తే కంటికి చేరే వెలుతురు వ్యాసం 5.25 మిల్లీమీటర్లు, 10తో అయితే 4.2. మధ్యాహ్నం ఆ తేడా తెలియదు. సాయంత్రం అయిదింటికి సెడార్ గుబురు కింద తెలుస్తుంది. ఉన్ని టోపీ పెట్టుకుని కన్ను సరిగ్గా మధ్యలో పెట్టలేనప్పుడూ తెలుస్తుంది.

చేతికి తీసుకుంటే బరువు 618 గ్రాములు, తేలిక కాదు. ఐ రిలీఫ్, అంటే బొమ్మ పూర్తిగా కనబడేలా కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉండొచ్చన్నది, 8×42లో 17 మిల్లీమీటర్లు, 10×42లో 15. అద్దాలు పెట్టుకునేవాళ్లకు ఆ రెండు మిల్లీమీటర్లే బొమ్మ అంచు దాకా కనబడటానికీ, మధ్యలో గుండ్రం మాత్రమే కనబడటానికీ తేడా. కంటి దగ్గరి రబ్బరు అంచులను (ఐకప్‌లు) వాళ్లు పూర్తిగా కిందికి తిప్పుకోవాలి, అద్దాలు లేనివాళ్లు పూర్తిగా పైకి. కనిష్ఠ ఫోకస్ దూరం అయిదు అడుగులు. కాళ్ల దగ్గర కనబడ్డ ముక్కను వంగకుండానే పరిశీలించడానికి అది పనికొస్తుంది.

కొన్న రోజే సరిచేసుకోవాల్సినది డయాప్టర్, అంటే రెండు కళ్ల చూపులో తేడాను సర్దే రింగు. చాలామంది దీన్ని ముట్టుకోరు, తర్వాత తలనొప్పి వచ్చి బైనాక్యులర్‌ను తిడతారు. ముందు రెండు గొట్టాలను మడిచి ఒకే గుండ్రం కనబడేదాకా దగ్గర చేయండి. నలభై గజాల దూరంలో బెరడు గరుకుగా ఉన్న చెట్టును ఎంచుకోండి. కుడివైపు ముందు అద్దాన్ని మూతతో మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కన్నుకు బెరడు పగుళ్లు స్పష్టం చేసుకోండి. ఇప్పుడు ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి రింగును మాత్రమే తిప్పి అదే బెరడును స్పష్టం చేయండి. రింగు ఆగిన చోట మార్కర్‌తో చిన్న చుక్క పెట్టండి. సంచిలో రాసుకుని రింగు కదిలినా తిరిగి చుక్క దగ్గరికి తేవచ్చు.

వెతికే పద్ధతి ఏ బైనాక్యులర్‌కైనా ఒకటే, కానీ ఇది సరిగ్గా లేకపోతే ఎంత మంచి అద్దమైనా వ్యర్థం. ఆగండి. ముందు ఉత్త కళ్లతో పదిహేను గజాల లోపు చూసేయండి, అక్కడ బైనాక్యులర్ అక్కర్లేదు. తర్వాత కుడి నుంచి ఎడమకు ఒక పట్టీ, ఆ పై పట్టీ, ప్రతి చూపు ముందు చూపులో సగాన్ని కప్పుతూ. ఒక్కో చోట మూడు నాలుగు సెకన్లు ఆగండి. మెల్లగా ఈడ్చుకుంటూ పోతే కన్ను ఏదీ పట్టదు. వెతకవలసింది కొమ్మును కాదు, కొమ్ము ముక్కను. ఆకుల మీద నిండుగా పడుకుని ఉన్న కొమ్ము అరుదు. ఓక్ ఆకుల గోధుమరంగులో రెండు అంగుళాల కొన పైకి పొడుచుకుని ఉంటుంది, లేదా గడ్డిలోంచి ఒక వంపు మాత్రమే మెరుస్తుంది. అడవిలో రాలిన పుల్ల విరిగి ఉంటుంది, లేదా మొన దాకా ఒకే మందంలో సాగుతుంది. కొమ్ము కొన మాత్రం మెల్లగా సన్నబడుతుంది, చివర నునుపుగా తేనెరంగు దాటి తెల్లగా అవుతుంది. మొదలు కనబడితే ఇక సందేహమే లేదు: తల నుంచి ఊడిన చోట గుండ్రంగా, గరుకుగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, చుట్టూ పూసల్లాంటి బుడిపెలు. 8×42లో అరవై గజాల దాకా ఆ బుడిపెలు గుర్తుపట్టవచ్చు.

చూసి ముగించాక మోకాళ్ల మీద కూర్చుని అదే నేలను మళ్లీ చూడండి. పొదల కింద నుంచి చూపు దూరిపోతుంది. ఇరవై అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూడండి, వెలుతురు మారుతుంది కాబట్టి దాటి వచ్చిన చోటే కొమ్ము దొరకడం మామూలే. ఎండ రోజుల కన్నా మబ్బు రోజులు మేలు. వాన పడిన మర్నాడు ఇంకా మేలు: తడిసిన ఆకులు నల్లబడతాయి, కొమ్ము మాత్రం వెలిగిపోతుంది. దక్షిణం వైపు ఎండ తగిలే ఏటవాలు నేలలు, గోధుమ, క్లోవర్, కోత మిగిలిన సోయా, మొక్కజొన్న చేల అంచులు, దుప్పులు దూకే కంచెలు, వాగు దాటే చోట్లు ముందు చూడాలి. దూకి నేలను తాకేటప్పటి కుదుపుకి వదులుగా ఉన్న కొమ్ము రాలిపోతుంది. ఒకటి దొరికితే రెండోది చాలాసార్లు వంద గజాల లోపే ఉంటుంది, దొరికిన చోట నుంచి చుట్టూ తిరుగుతూ వెతకండి.

నడుం ఎత్తు గడ్డి ఉన్న చోట బైనాక్యులర్ పనికిరాదు. దాన్ని మూసి పెట్టి, పది అడుగుల ఎడంలో వరుసలుగా నడవాల్సిందే.

చలిలో వచ్చే ఇబ్బంది లోపలి మంచు కాదు. లోపల ఆర్గాన్ వాయువు నింపి బిగించి ఉంటుంది కాబట్టి లోపల ఆవిరి పట్టదు. పట్టేది బయటి అద్దానికి, మీ ఊపిరితోనే. మెడ చుట్టూ కట్టుకున్న మఫ్లర్ ఊపిరిని పైకి తోస్తుంది, దాన్ని గడ్డం కిందికి దించండి. బైనాక్యులర్‌ను జాకెట్ లోపల పెట్టి వెచ్చబెట్టొద్దు. చల్లబడిన అద్దాన్ని లోపల పెట్టినప్పుడల్లా మీ ఒంటి తేమ దాని మీదే పడుతుంది. కారు దిగగానే బయట పెట్టి పదిహేను నిమిషాలు చల్లబడనివ్వండి. ఇంటికి వెళ్లేటప్పుడు కారు ఎక్కే ముందే జిప్ కవరులో వేసి మూయండి, తేమ అద్దం మీద కాక కవరు మీద పడుతుంది, రెండు గంటల తర్వాత తీయండి. మంచుపొడి పడితే గ్లోవ్స్‌తో తుడవొద్దు, ఊపిరితో ఊదొద్దు, అది గడ్డకట్టి పొరలా అంటుకుంటుంది. ముందు మెత్తని బ్రష్‌తో దులిపి, తర్వాత లెన్స్ గుడ్డ.

పెట్టెలోనే గ్లాస్‌ప్యాక్ అనే ఛాతీ సంచి ఇస్తారు, మెడ పట్టీని పక్కన పెట్టి దీన్నే వాడండి. మెడ పట్టీతో అయితే కొమ్మల కింద వంగినప్పుడల్లా 618 గ్రాములు ముందుకి ఊగి ముళ్లకు తగులుకుంటుంది. సంచి పట్టీలను జాకెట్ వేసుకున్నాకే సరిచేయండి, ఇంట్లో టీషర్టు మీద సరిచేస్తే అడవిలో బిగుసుకుపోతుంది. మూత అంచులకు అంటుకునే పల్లేరు రకం ముళ్ల కాయలను ఏరిపారేస్తూ ఉండండి, లేకపోతే అవి మెత్తని లోపలి గుడ్డలోకి దిగి అద్దాన్ని గీస్తాయి.

లోటు చెప్పాలంటే అంచులు. ఈ ధరలో దొరికే ఏ బైనాక్యులర్‌లోనైనా బొమ్మ అంచు కొంచెం మసకబారుతుంది. మంచు మీద నల్ల కొమ్మల అంచున ఊదారంగు గీత కనబడవచ్చు. రెండు వేల డాలర్ల అద్దంలో అది చాలా తక్కువ. కొమ్ముల వేటకు ఆ డబ్బు పెట్టనక్కర్లేదని మా అభిప్రాయం. చూపు ఎప్పుడూ మధ్యలోనే ఆగుతుంది కాబట్టి.

10×42 ఎవరికి? వ్యోమింగ్, మాంటానా లాంటి పశ్చిమ రాష్ట్రాల బయలు కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి రకం కొమ్ములు వెతికేవాళ్లకు. ఎదురుగా అర మైలు దూరంలో ఉన్న గుట్టను ట్రైపాడ్ మీద నిలిపి చూసేటప్పుడు వణుకు ఉండదు, అక్కడ 10 తన విలువ చూపిస్తుంది. ఆ వైపు వెళ్లేవాళ్లు తేదీలు చూసుకోవాలి: వ్యోమింగ్‌లో కాంటినెంటల్ డివైడ్‌కు (నదులను తూర్పు, పడమరలుగా విడదీసే పర్వత రేఖకు) పశ్చిమాన ప్రభుత్వ భూముల్లో జనవరి 1 నుంచి మే 1 ఉదయం 6 గంటల దాకా ఏరడం నిషేధం, బయటి రాష్ట్రాలవాళ్లు ఇంకో వారం ఆగాలి. జాతీయ పార్కుల్లో ఎప్పుడూ ముట్టుకోకూడదు. పుర్రెతో సహా ఉన్న కొమ్ములకు చాలా రాష్ట్రాల్లో అధికారుల అనుమతి కావాలి. ప్రైవేటు భూమి అయితే రైతును అడగండి. కొమ్ము కొన ట్రాక్టర్ టైరులో దిగితే ఆయనకు పెద్ద ఖర్చు కాబట్టి ఏరుకుపోండి అనేవాళ్లే ఎక్కువ.

ఈ అలవాటును మన ఊరికి మాత్రం తేవద్దు. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నల్లమలలోనో కవాల్‌లోనో నేల మీద రాలిన దుప్పి, కణుజు కొమ్ములను ఏరి ఇంటికి తెచ్చినా నేరమే. అమెరికాలో దొరికిన కొమ్మునూ సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకు రావద్దు.

కొనేటప్పుడు షాపులో నిమిషం పాటు ఒక పరీక్ష చేయండి. దూరంగా ఉన్న ట్యూబ్‌లైటును రెండు కళ్లతో చూసి, మెల్లగా బైనాక్యులర్‌ను కళ్ల నుంచి ఆరు అంగుళాలు దూరం జరపండి. రెండు గుండ్రాల్లోనూ లైటు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటే లోపలి ప్రిజమ్ కదిలింది, ఆ ముక్క వద్దని ఇంకొకటి అడగండి. ఫోకస్ చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, ఎక్కడా పట్టేయకూడదు, వదులుగా జారకూడదు. చలిలో లోపలి గ్రీజు గట్టిపడి చక్రం ఇంకా బిగుస్తుంది కాబట్టి షాపులో కాస్త సులువుగా తిరిగేదే మంచిది. సెకండ్ హ్యాండ్‌లో దొరికినా భయపడనక్కర్లేదు. వోర్టెక్స్ జీవితకాల వారంటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే వర్తిస్తుంది, రసీదు అడగరు. పోగొట్టుకున్నా, దొంగతనమైనా, కావాలని పగలగొట్టినా మాత్రం వర్తించదు.