స్టీరియోఫోనిక్స్: మొదటి ఆల్బమా, రెండోదా? ఏది మేలు?

బ్రిటన్‌లోని వేల్స్‌కి చెందిన రాక్ బ్యాండ్ స్టీరియోఫోనిక్స్‌ని కొత్తగా వినేవాళ్ళు ముందు అడిగేది ఇదే: 1997లో వచ్చిన ‘వర్డ్ గెట్స్ అరౌండ్’తో మొదలుపెట్టాలా, 1999 నాటి ‘పెర్ఫార్మెన్స్ అండ్ కాక్‌టెయిల్స్’తోనా? పాత అభిమానుల్లో చాలామంది ఇంకో ఆలోచన లేకుండా మొదటిదే అంటారు. నేనూ చాలా ఏళ్ళు ఆ మాటే అన్నాను. ఇప్పుడు మాత్రం రెండోదే అంటున్నాను.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం న్యాయమే, ఎందుకంటే మనుషులు మారలేదు. పాట, గిటార్ కెల్లీ జోన్స్, బేస్ రిచర్డ్ జోన్స్ (ఇద్దరూ జోన్సులే, అన్నదమ్ములు కారు), డ్రమ్స్ స్టువర్ట్ కేబుల్. ప్రొడ్యూసర్లు కూడా రెండిటికీ స్టీవ్ బుష్, మార్షల్ బర్డ్ జంటే. మారిందల్లా వాళ్ళ బతుకు.

మొదటి ఆల్బమ్ నిండా ఊరే. సౌత్ వేల్స్‌లో అబెర్‌డేర్ పక్కన బొగ్గు లోయలో ఉన్న కుమామన్ వాళ్ళ సొంతూరు. గనులు మూతపడ్డాక అలాంటి ఊళ్ళలో మిగిలేవి పబ్బులు, క్లబ్బులు, వారాంతపు తాగుడు, ఒకరి గురించి ఒకరు చెప్పుకునే కబుర్లు. మన ఇల్లెందు, బెల్లంపల్లి వైపు పెరిగినవాళ్ళకి ఈ వాతావరణం గురించి వేరే చెప్పక్కర్లేదు. ‘ఎ థౌజండ్ ట్రీస్’లో ఊరంతా నెత్తిన పెట్టుకున్న ఒక ఫుట్‌బాల్ కోచ్ మీద పుకారు పుడుతుంది, ఒక్క అగ్గిపుల్ల అడవిని కాల్చినట్టు అది అతని పరువంతా కాల్చేస్తుంది. ‘లోకల్ బాయ్ ఇన్ ద ఫోటోగ్రాఫ్’ రైలు కింద పడి చనిపోయిన కుర్రాడి గురించి, పేపర్లో పడిన అతని ఫోటో గురించి. ఆ విషయానికి అంత హుషారైన ట్యూన్ కట్టడం మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది, కానీ ఆ వయసు స్నేహితులు దుఃఖాన్ని అలాగే గట్టిగా పాడి దాటతారని తర్వాత అర్థమైంది. కెల్లీ స్వయంగా మార్కెట్లో పళ్ళూ కూరగాయలూ అమ్మే చోట పనిచేసినవాడు, ‘మోర్ లైఫ్ ఇన్ ఎ ట్రాంప్స్ వెస్ట్’ ఆ కొట్టు వెనక నిలబడి చూసిన లోకమే. కథ చెప్పే నేర్పు మాత్రమే లెక్కేస్తే ఇక్కడితో తీర్పు అయిపోతుంది, మొదటి ఆల్బమ్‌దే గెలుపు.

అయితే ఆ పాటలన్నిటిలో పాడేవాడు ఒక పక్కన నిలబడి వేరేవాళ్ళని చూస్తుంటాడు. ‘ట్రాఫిక్’ వినండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పక్క కారులో ఉన్న ఆవిడ ఎవరై ఉంటుందా, ఏం చేస్తుంటుందా అని ఊహించుకుంటూ ఉంటాడు, చాలా అందమైన పాట, ఎన్నిసార్లు విన్నా విసుగు రాదు. కానీ ఆ ఊహించుకునేవాడు ఎవరు, వాడికేం కావాలి అన్నది మనకి తెలియదు.

అది తెలిసేది రెండో ఆల్బమ్‌లోనే. 1997 ఆగస్టుకీ 1999 మార్చికీ మధ్య 19 నెలల్లో వాళ్ళకి బ్రిట్ అవార్డు (బ్రిటన్‌లో ఏటా ఇచ్చే పెద్ద సంగీత పురస్కారం) వచ్చింది, టూర్ల మీద టూర్లు తిరిగారు, ఊరు వెనకబడిపోయింది. పబ్బులో విన్న కబుర్లు లేవు కాబట్టి, కెల్లీకి పాట కట్టడానికి దొరికినవి హోటల్ గదులు, కొత్త నగరాలు, ఎదురుచూపులు, చివరికి తన మనసు. ‘జస్ట్ లుకింగ్’ నా దృష్టిలో ఈ బ్యాండ్ చేసిన అన్నిటికంటే గొప్ప పాట. నాకేం కావాలి, నిజంగా అవసరమైంది ఏది, కొంటానా లేక అద్దంలోంచి చూస్తూ నిలబడతానా అని ఒకడు తనని తాను అడుక్కోవడం, అంతే. మెల్లగా మొదలై, గిటార్లు ఒక్కసారిగా విరుచుకుపడే చోట ఆ గరుకు గొంతు అరుస్తుంటే, సొంతూరు వదిలి ఉద్యోగం కోసం ఎక్కడికో వచ్చిపడ్డ నాలాంటి వాడికి ఆ ప్రశ్న తనదే అనిపిస్తుంది. ‘హర్రీ అప్ అండ్ వెయిట్’ది కూడా అదే దిగులు, ఇంకాస్త నిదానంగా.

సౌండ్ సంగతికొస్తే పోలికే లేదు. మొదటిదాంట్లో ముగ్గురు కుర్రాళ్ళు చిన్న హాల్లో వాయిస్తున్నట్టు ఉంటుంది, దాని అందం దానిది. రెండోది ‘రోల్ అప్ అండ్ షైన్’తో మొదలవడమే తలుపులు బద్దలుకొట్టుకుని వచ్చినట్టు వస్తుంది, ఆ వెంటనే ‘ద బార్‌టెండర్ అండ్ ద థీఫ్’. స్టువర్ట్ కేబుల్ డ్రమ్స్ ఎంత ఉత్సాహంగా, ఎంత బరువుగా ఉంటాయో ఈ రెండు పాటలు హెడ్‌ఫోన్స్‌లో వింటే తెలుస్తుంది. ఆయన 2010లో చనిపోయాక నేను ఆ మొదటి పాటని వేరేగా వింటున్నాను. ఈ ఆల్బమ్ బ్రిటన్ ఆల్బమ్ చార్టులో నేరుగా నంబర్ 1కి వెళ్ళింది (మొదటిది 6 దగ్గర ఆగింది), అదే ఏడాది జూలైలో స్వాన్సీలోని మోర్ఫా స్టేడియంలో దాదాపు 50 వేల మంది ముందు వాయించారు. ఆ జనాన్ని పట్టుకోగలిగే పాటలు ఇవే.

లోపాలు లేవని కాదు. 13 పాటలు ఎక్కువ, పదకొండు చాలు. ‘హాఫ్ ద లైస్ యూ టెల్ ఎయింట్ ట్రూ’ తీసేసినా నాకు లోటు తెలియదు. ‘ప్లాస్టిక్ కాలిఫోర్నియా’లో ఆ ప్రాంతం మీద చిరాకు కనిపిస్తుంది గానీ అక్కడి మనుషులు కనిపించరు, కుమామన్ గురించి రాసినంత దగ్గరగా కెల్లీ ఆ చోటు గురించి రాయలేకపోయాడు. మొదటి ఆల్బమ్‌లో ఇలా జారిపోయే చోట్లు తక్కువ.

కాబట్టి నా సలహా: మాటలు పట్టించుకుని వినే అలవాటుంటే, కథలు ఇష్టమైతే, ‘వర్డ్ గెట్స్ అరౌండ్’ నుంచే మొదలుపెట్టండి, ఏ నష్టమూ లేదు. గిటార్ రాక్ కొత్త అయితే, లేదా ఇంగ్లిష్ పాటల్లో మాటలు మొదటిసారి అందకపోతే, రెండోదే ముందు. ‘పిక్ ఎ పార్ట్ దట్స్ న్యూ’ ట్యూన్ ఒక్కసారికే నోటికొస్తుంది. ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది కూడా రెండోదే.

ఇంకొకటి, రెండూ విన్నాక చివరి పాటలు మాత్రం వెంటవెంటనే పెట్టుకుని వినండి. మొదటిది ‘బిల్లీ డేవీస్ డాటర్’తో ముగుస్తుంది, ఊళ్ళో ఒకమ్మాయి గురించి చెప్పుకునే మాట, వంతెన, కింద నీళ్ళు. రెండోది ‘ఐ స్టాప్డ్ టు ఫిల్ మై కార్ అప్’తో ముగుస్తుంది, పెట్రోల్ కోసం ఆగిన ఒక డ్రైవరు, వెనక సీట్లో ఎవరో. ఈసారి కారు నడుపుతున్నవాడు పాడేవాడే.