ఏఎం4తో సరిపెట్టుకోవాలా, ఏఎం5కి వెళ్లాలా? సొంత గేమింగ్ పీసీకి ఏది మేలు

మానిటర్, కీబోర్డు, మౌస్ కాకుండా కేబినెట్ లోపలి సామానుకే రూ.80 వేల నుంచి లక్ష దాకా పెట్టగలిగేవాళ్ల కోసం ఈ పోలిక. ఏఎం4, ఏఎం5 అంటే మదర్‌బోర్డు మీద ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే పాత, కొత్త సాకెట్లు. ఈ సొమ్ముతో మంచి పీసీ వస్తుంది. అన్నీ మంచివే కావాలంటే మాత్రం రాదు. ఎక్కడో ఒకచోట తగ్గాలి. ఎక్కడ తగ్గితే ఆటకి నష్టం తక్కువ అన్నదే అసలు ప్రశ్న.

చాలామంది ప్రాసెసర్‌తో లెక్క మొదలుపెడతారు. మొదట తేల్చుకోవలసింది మానిటర్. 1920×1080 తెర మీద దాదాపు 20.7 లక్షల పిక్సెల్‌లుంటాయి, 2560×1440 మీద 36.9 లక్షలు. రెండోదానికి వెళ్తే ప్రతి ఫ్రేముకీ గీయాల్సిన పిక్సెల్‌లు 1.78 రెట్లవుతాయి. ఆ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది, ప్రాసెసర్ పని దాదాపు ఎప్పటిలాగే ఉంటుంది. కాబట్టి 27 అంగుళాల 1440పీ తెర కొనే ఆలోచన ఉంటే డబ్బు కార్డు వైపు మొగ్గాలి. 24 అంగుళాల 1080పీ తెర మీద 180 హెర్ట్జ్‌లో (అంటే తెర సెకనుకి 180 సార్లు మారే వేగంతో) వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 ఆడటమే ముఖ్యమైతే ప్రాసెసర్ వైపు మొగ్గాలి. దీన్ని తేల్చుకోకుండా షాపుకి వెళ్తే, అక్కడ స్టాకున్న సరుకే మీ నిర్ణయమైపోతుంది.

ప్రాసెసర్: 5600, 7600, 12400ఎఫ్

రైజెన్ 5 5600, రైజెన్ 5 7600, కోర్ ఐ5-12400ఎఫ్. మూడింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లే. మూడింటికీ బాక్సులోనే కూలర్ వస్తుంది. తేడా వాటి చుట్టూ కొనాల్సిన సామానులో ఉంది.

5600 పెట్టాలంటే ఏఎం4 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ కావాలి. 7600కి ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్. ఒక్క ప్రాసెసర్ ధరే పోల్చి "కొంచెమే కదా తేడా" అనుకుంటే లెక్క తప్పుతుంది. బోర్డు, ర్యామ్ కలిపి చూస్తే తడిసి మోపెడవుతుంది. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అంతకుముందు "కళ్లు మూసుకుని ఏఎం5 తీసుకోండి" అని చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు ఆ మాట అంత తేలిగ్గా చెల్లదు. పాత పీసీలో మంచి డీడీఆర్4 స్టిక్కులు రెండు ఉన్నవాళ్లు వాటిని వదులుకుని ఏఎం5కి మారడం ఈ ధరల్లో తెలివైన పని కాదు.

7600కి డబ్బు ఎందుకు పెట్టాలంటే మూడు కారణాలున్నాయి. మొదటిది వేగం. బూస్ట్‌లో ఇది 5.1 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, 5600 అయితే 4.4 దగ్గర ఆగుతుంది. పైగా ఒక్కో సైకిల్‌కి 7600 చేసే పని కూడా ఎక్కువ. ఎక్కువ ఫ్రేములు కావాల్సిన ఆటల్లో ఈ తేడా కంటికి తెలుస్తుంది. రెండోది, 7600లో చిన్న గ్రాఫిక్స్ కూడా ఉంది. కార్డు చెడిపోయి వారంటీకి పంపిన వారాల్లో కంప్యూటర్ మూలపడదు. 5600కీ, 12400ఎఫ్‌కీ ఆ సౌకర్యం లేదు, కార్డు తీసేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. ఉద్యోగమూ ఆటా ఒకే పీసీ మీద నడిపేవాళ్లు దీన్ని తక్కువగా చూడొద్దు. మూడోది భవిష్యత్తు. ఏఎం5 సాకెట్‌ను 2027 దాకా, ఆ తర్వాతా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి అదే బోర్డులో 9800ఎక్స్3డీ లాంటిది, అంటే ఆటల కోసం అదనపు క్యాష్ మెమరీ ఉన్న ప్రాసెసర్, దించొచ్చు. ఏఎం4లో అలాంటి ఎక్స్3డీ ప్రాసెసర్లు కొత్తవి దొరకడమే కష్టమైపోయింది. అంటే 5600 కొంటున్నవాళ్లు ఆ బోర్డుకి అదే ఆఖరి ప్రాసెసర్ అనుకుని కొనాలి.

12400ఎఫ్ సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. ఆటల్లో ఇది 5600కి దగ్గరగా నడుస్తుంది. హెచ్610 లాంటి చవక బోర్డులో కూడా కార్డుకి పీసీఐఈ 4.0 దారి (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే మార్గం) దొరుకుతుంది, తర్వాత 14వ తరం దాకా ప్రాసెసర్ మార్చుకోవచ్చు. కానీ హెచ్610లో డీడీఆర్4 వేగం 3200 దగ్గరే ఆగుతుంది. 5600 బాక్స్ దొరక్కపోతే, లేదా ఆ వారం ఇదే చవకగా ఉంటే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు: 8 జీబీయా, 16 జీబీయా

ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. బడ్జెట్‌లో 40 శాతం దాకా దీనికే ఉంచుకోవాలి. ఏఎం4, ఏఎం5 మధ్య మిగిలే సొమ్ము చాలాసార్లు 8 జీబీ కార్డుకీ 16 జీబీ కార్డుకీ మధ్య ఉన్న తేడాకి దగ్గరగా వస్తుంది. అందుకే ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా చూడకూడదు.

ఆర్‌టీఎక్స్ 5060లో 8 జీబీ జీడీడీఆర్7 మెమరీ ఉంది. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలుగా వస్తుంది. పేరు ఒకటే కాబట్టి బాక్సు మీద అంకె చూడకుండా డబ్బు కట్టొద్దు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐకీ ఇదే తిరకాసు ఉంది.

ఆటకి కావాల్సిన టెక్స్చర్లు (గోడలు, ముఖాల మీద అతికించే బొమ్మలు) కార్డు మెమరీలో పట్టకపోతే మిగిలినవి ర్యామ్‌లోకి వెళ్తాయి. 5060 తన సొంత మెమరీ నుంచి సెకనుకి 448 జీబీ చొప్పున చదువుకోగలదు. ర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే మాత్రం పీసీఐఈ దారి గుండా రావాలి. ఆ దారిలో కార్డుకి ఉన్నవి 8 లేన్లే (వరసలే). ఏఎం4కి వచ్చే బీ550 బోర్డు ఇచ్చే పీసీఐఈ 4.0లో అది సెకనుకి 16 జీబీకి కాస్త తక్కువ. బీ450, ఏ520 బోర్డులు 3.0 మాత్రమే ఇస్తాయి, అక్కడ 8 జీబీ కూడా రాదు. కాలువలో పారే నీళ్లను గరాటుతో పోసినట్టన్నమాట. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది గానీ, మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఒక్క క్షణం బిగుసుకుంటుంది. కొన్ని ఆటలు అలా బిగుసుకోకుండా టెక్స్చర్ల నాణ్యతనే దించేస్తాయి, గోడలూ ముఖాలూ మసకబారుతాయి. రివ్యూల్లో సగటు అంకె మాత్రమే చూసేవాళ్లకి ఇది దొరకదు. అన్నిటికంటే నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం చెప్పే '1% low' అంకె కూడా చూడాలి.

కాబట్టి పాత బీ450 బోర్డులో 8 లేన్ల, 8 జీబీ కార్డు పెట్టడం రెండు వైపులా దెబ్బ. 9060 ఎక్స్‌టీకి 16 లేన్లున్నాయి. 3.0 బోర్డులో పెట్టినా దానికి సెకనుకి దాదాపు 16 జీబీ పట్టే దారి మిగులుతుంది, 16 జీబీ మెమరీ ఉన్న రకమైతే ఆ దారి తొక్కాల్సిన అవసరమే అరుదు. పాత పీసీని అప్‌గ్రేడ్ చేస్తున్నవాళ్లకి ఈ ఒక్క వివరం వేల రూపాయలు మిగులుస్తుంది.

5060 వైపు కూడా న్యాయంగా చెప్పాలి. 145 వాట్లతో చల్లగా నడుస్తుంది. తక్కువ పిక్సెల్‌లతో గీసి ఏఐతో పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ 4 చాలా ఆటల్లో దొరుకుతుంది. బ్లెండర్, వీడియో ఎడిటింగ్, ఏఐ పనులకి ఎన్విడియా సొంత సాఫ్ట్‌వేర్ వేదిక CUDA అవసరమైనవాళ్లకి ఎన్విడియాయే సులువు. అయితే ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కార్డే అదనపు ఫ్రేములు పుట్టించడం) ఆన్ చేస్తే అదీ మెమరీ తింటుంది. 8 జీబీ అప్పటికే నిండి ఉన్నచోట, సాయం కోసం వాడేదే భారమవుతుంది. 1080పీలో టెక్స్చర్లను అల్ట్రా నుంచి ఒక మెట్టు దించుకోవడానికి సిద్ధపడితే ఈ కార్డుతో ఇబ్బంది తక్కువ. 1440పీకి మాత్రం వద్దు.

ఇంటెల్ ఆర్క్ బీ580 మూడో దారి. 12 జీబీ మెమరీ, 192 బిట్ బస్సు చూస్తే ధరకి మించిన సరుకులా కనిపిస్తుంది. కానీ దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. 5600 లాంటి ప్రాసెసర్‌తో కొన్ని ఆటల్లో ఆ భారం బయటపడి, కార్డు తన సత్తా చూపలేకపోతుంది. ప్రాసెసర్‌ని కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకోనిచ్చే రీసైజబుల్ బార్ సెట్టింగ్ బయాస్‌లో ఆన్ లేకపోతే ఇంకా కుంటుతుంది. చవక ప్రాసెసర్‌తో చవక కార్డు జతపడుతుందన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. బీ580 కొనాలనుకుంటే 7600 పక్కనే పెట్టండి.

మా తీర్పు

కథ ఉన్న పెద్ద ఆటలు, 1440పీ తెర, మరో నాలుగేళ్లు కేబినెట్ మూత తీయకూడదన్న ఉద్దేశం ఉంటే 5600, బీ550 బోర్డు, 16 జీబీ 9060 ఎక్స్‌టీ. పోటీ ఆటలు, 1080పీలో ఎక్కువ హెర్ట్జ్, రెండేళ్లలో కార్డు మార్చే ఆలోచన ఉంటే 7600తో 8 జీబీ కార్డు సరే. లక్ష అంచు దాకా వెళ్లగలిగితే 7600నీ 16 జీబీ కార్డునీ కలిపి తీసుకోండి. దానికోసం ఎస్ఎస్‌డీలో, ఆర్జీబీ ఫ్యాన్లలో, బోర్డు సోకుల్లో తగ్గండి. మూడో తరం (జెన్ 3) ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీకీ నాలుగో తరం (జెన్ 4) దానికీ ఆట లోడయ్యే సమయంలో తేడా చాలా తక్కువ. 1 టీబీ ఉందా, ఎన్‌వీఎంఈనేనా అన్నవే చూడండి, ఎందుకంటే అదే ఎం.2 ఆకారంలో నెమ్మదైన సాటా డ్రైవులు కూడా అమ్ముతారు.

ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. 7600 నిండా పనిచేసినా 88 వాట్లు, 16 జీబీ 9060 ఎక్స్‌టీ 160 వాట్లు, మిగతా సామాను కలిపితే 300 లోపే. పేరున్న 550 వాట్ల యూనిట్ చాలు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కరెంటు ఎంత వృథా కాదో చెబుతుంది గానీ, లోపలి భాగాల నాణ్యతకి అది హామీ కాదు. వారంటీ 5 ఏళ్లుందా, ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్ రక్షణలు రాసి ఉన్నాయా చూడండి. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌తో గ్రాఫిక్స్ కార్డు నడపొద్దు.

కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ లెక్క కూడా ముందే వేసుకోవాలి. 600 వీఏ అని అమ్మేవి మామూలుగా 360 వాట్లే ఇస్తాయి. లోపల 300 వాట్లు వాడుతుంటే గోడ దగ్గర 350 అవుతుంది, దానికి మానిటర్ తోడు. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కూడా "కీచ్" మని ఆగిపోవడానికి కారణం ఇదే. 1000 వీఏ లేదా ఆపైన తీసుకోవాలి.

మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే, కేబినెట్‌లోకి వెళ్లే గాలి కూడా అంతే వేడి. ముందువైపు అద్దం ఉన్న కేబినెట్ ఫొటోలో బాగుంటుంది గానీ గాలి పీల్చుకోలేదు. ముందు జాలీ, లోపలికి రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి. జాలీ వెనకున్న డస్ట్ ఫిల్టర్‌ను నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, ప్రాసెసర్ సీలున్న బాక్సులోదేనా అని చూడండి. బాక్సు లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ చవకగా ఇస్తారు, కానీ బాక్సుకి వచ్చే మూడేళ్ల కంపెనీ వారంటీ దానికి ఉండదు. జీఎస్టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకోండి.

బిగించేటప్పుడు తప్పులు

నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ స్టిక్కులు రెండే అయితే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మొదటి రెండు స్లాట్లలోనో చివరి రెండింట్లోనో పక్కపక్కన పెడితే డ్యుయల్ ఛానెల్ (రెండు దారుల్లో ఒకేసారి చదివే వేగం) పోతుంది. ఏఎం5లో నాలుగు స్టిక్కులు పెడితే వేగం బాగా పడిపోతుంది, అందుకే మొదటే రెండు స్టిక్కులు కొనండి. 6000 అని కొన్న డీడీఆర్5 బయాస్‌లో ఎక్స్‌పో ఆన్ చేసేదాకా 4800 దగ్గరే నడుస్తుంది. డీడీఆర్4కి అదే సెట్టింగ్ పేరు ఎక్స్ఎంపీ. వాలరెంట్‌ను విండోస్ 11లో ఆడాలంటే బయాస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్ ఉండాలి.

ఎస్ఎంపీఎస్‌లో 8 పిన్నుల కేబుళ్లు రెండు రకాలు: 4+4 ప్రాసెసర్‌కి, 6+2 కార్డుకి. ఒకదాని చోట మరొకటి బలవంతంగా తోయొద్దు. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లు ఉంచుకోవద్దు, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో తీరుగా ఉంటుంది, తప్పితే డ్రైవులు కాలిపోతాయి. మానిటర్ కేబుల్‌ను బోర్డుకి కాదు, కార్డుకి పెట్టాలి. 180 హెర్ట్జ్ తెర కొన్నా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో మార్చేదాకా 60లోనే ఉండొచ్చు.

ఏఎం5 బోర్డును మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటోందని అర్థం. ఆ సమయంలో పోయిందనుకుని స్విచ్ ఆపితే అది మళ్లీ మొదటికి వస్తుంది. పదిహేను నిమిషాలు ఆగి, అప్పటికీ తెర రాకపోతేనే ఒక స్టిక్ తీసి చూడండి.