పాదరసం పుస్తకాలు మూడు: ఏది ముందు చదవాలి?

పాదరసం గురించి ఎప్పుడు రాసినా నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే. "మనవాళ్లు పాదరసంతో విమానాలు నడిపారట కదా, అది ఏ పుస్తకంలో ఉంది?" మొన్న మా మేనల్లుడు కూడా అదే అడిగాడు, కాకపోతే కొంచెం తెలివిగా. "మావయ్యా, వైమానిక శాస్త్రమా, భోజరాజు పుస్తకమా, రసరత్న సముచ్చయమా? ఒక్కటి చదివే ఓపికే ఉంది నాకు." వాడికి ఫోన్లో చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

వైమానిక శాస్త్రం సంగతి ముందు చూద్దాం. ఎక్కువమంది అడిగేది దీని గురించే, తొందరగా తేలిపోయేదీ ఇదే. భరద్వాజ మహర్షి పేరు మీద చలామణీ అవుతోంది గానీ, బెంగళూరు దగ్గర ఆనేకల్‌కు చెందిన సుబ్బరాయ శాస్త్రిగారు 1918 నుంచి 1923 దాకా చెబుతుంటే రాసుకున్న పుస్తకం ఇది. అందరూ ఫార్వర్డ్ చేసే ఆ విమానాల బొమ్మలు కూడా ఆ రోజుల్లో ఎల్లప్ప అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసినవే. 1973లో ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. మరుసటి ఏడాదే బెంగళూరు ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో ఐదుగురు శాస్త్రవేత్తలు కూర్చుని దీన్ని పట్టి పట్టి చదివారు. సంస్కృతం చూస్తే ఈ కాలపుది, 1904 కన్నా వెనక్కి తీసుకెళ్లడానికి ఆధారం లేదు, బొమ్మల్లో ఉన్న విమానాలేవీ ఎగరవు అని రాశారు. రైటు సోదరులు ఎగిరింది 1903లో. విమానం అనే మాట ఊరూరా మోగిపోతున్న కాలంలో ఒక పండితుడి ఊహ ఎలా సాగిందో తెలుసుకోవాలంటే ఈ పుస్తకం చదవొచ్చు. ప్రాచీన విద్య కోసమైతే వద్దు.

భోజుడి సమరాంగణ సూత్రధారాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేం. ఇది నిజంగానే పాతది, 11వ శతాబ్దం నాటిది. ఇందులో ఎక్కువ భాగం వాస్తు. ఊళ్లు, ఇళ్లు, గుళ్లు ఎలా కట్టాలో చెబుతుంది. మధ్యలో 31వ అధ్యాయంలో యంత్రాల ముచ్చట వస్తుంది. తేలికైన కర్రతో పెద్ద పక్షిని చెయ్యాలి, దాని పొట్టలో పాదరసపు యంత్రం, కింద నిప్పు పెట్టాలి, లోపల కూర్చున్న మనిషి రెక్కలాడిస్తుంటే పాదరసం బలంతో పైకి పోతాడట. అక్కడే ఇంకో యంత్రం కూడా ఉంది. ఇనుప పాత్రలో పాదరసం పోసి కాలిస్తే సింహగర్జన లాంటి చప్పుడు వచ్చి ఏనుగులు బెదిరిపోతాయట. విమానం సంగతి ఎలా ఉన్నా, మూసిన ఇనుప పాత్రలో ఏది కాల్చినా చప్పుడు మాత్రం గ్యారంటీ.

పాదరసాన్ని కాల్చి పని చేయించుకోవడం అనే ఆలోచన వెర్రిదేం కాదు. 357 డిగ్రీల దగ్గర అది మరుగుతుంది, ఆ ఆవిరికి బలం ఉంటుంది. 1920లలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పాదరసపు ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీశారు కూడా. కానీ అదంతా నేల మీద, బిగించిన బాయిలర్లలో. లీటరు పాదరసం పదమూడున్నర కిలోలు తూగుతుంది. దాన్ని మోసుకుంటూ కర్రపక్షి ఎగరాలంటే ఎంత బలం కావాలో ఊహించుకోండి. "మరి నాసా పాదరసం ఇంజిన్ చేసిందిగా?" అని వెంటనే అడుగుతారు. చేసింది, 1964లో ఒకటి, 1970లో ఒకటి అంతరిక్షంలోకి పంపింది. ఆ రెండోదాని తోపుడు మూడు గ్రాముల బరువును కూడా నేల నుంచి లేపలేదు. గాలి, బరువు లేని చోట నెలల తరబడి మెల్లగా నెట్టడానికి పనికొస్తుందంతే. తర్వాత దాన్నీ వదిలేసి జెనాన్ వాయువుకు మారిపోయారు.

భోజుడితో నాకున్న పేచీ ఇది కాదు. యంత్రాలు ఎలా కూర్చాలో చెప్పకపోవడం తెలియక కాదు, గుట్టు దాచడానికి అని ఆయనే ఒక శ్లోకంలో చెప్పేశాడు. బయటపెడితే ఫలితం దక్కదని కారణం కూడా ఇచ్చాడు. బావుంది. కానీ చదివేవాడి గతేమిటి? వంట పేరు చెప్పి, దినుసులు రెండు చెప్పి, కొలతలు మింగేసిన వంటపుస్తకంతో ఏం వండుతాం?

నా వరకు తేల్చాల్సింది ఈ ఒక్క విషయమే. పుస్తకం చెప్పినట్టు చేతులతో చేసి చూడగలమా? ఆ కాలంలో ఎవరైనా చేసి ఉంటే నేలలో దాని జాడ దొరికిందా? ఎంత పాతది, ఎవరు రాశారు, ఎంత గొప్పగా ఉంది అన్నవన్నీ దీని తర్వాతే.

ఈ లెక్కలో రసరత్న సముచ్చయం మిగతా రెండింటికీ అందనంత ముందుంది. 13, 14 శతాబ్దాల నాటిదంటారు. రసవాగ్భటుడి పేరు మీద ఉంది. ఇందులో విమానాల్లేవు. ఉన్నదంతా కుండలు, మూషలు (లోహాలు కాల్చే మట్టి పాత్రలు), కొలుములు, పిడకలు. పాదరసాన్ని ఆవిరి చేసి పైకి ఎగదోసి పట్టే ఊర్ధ్వపాతనం, కిందికి దించే అధఃపాతనం, పక్కకు మళ్లించే తిర్యక్పాతనం ఉన్నాయి. ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజం నుంచి పాదరసం తీయడం, గంధకంతో కలిపి నల్లటి కజ్జలి నూరడం, దాన్నే కాలిస్తే ఎర్రటి రససిందూరం కావడం, ఇవన్నీ ఈ రోజు కెమిస్ట్రీ లాబ్‌లో ఎవరైనా సరిచూడగలిగినవే.

నన్ను ఒప్పించింది మాత్రం పాదరసం గురించిన పేజీ కాదు, తుత్తునాగం గురించినది. అదేనండి, జింక్. ఖనిజంలోంచి జింక్ తీయడం చాలా ఇబ్బందైన పని. రాగి, ఇనుము మాదిరి కొలిమి అడుగున ముద్దగా దొరకదు. అది 907 డిగ్రీలకే మరిగిపోతుంది, ఖనిజంలోంచి లోహం విడేది అంతకంటే ఎక్కువ వేడిలో. అంటే విడీ విడగానే ఆవిరైపోతుంది, గాలి తగిలితే కాలి బూడిదవుతుంది. మరి పట్టేదెలా? రసరత్న సముచ్చయం చెప్పిన ఉపాయం వంకాయ ఆకారంలో మూష, దానికి గొట్టం. మంట నీలం నుంచి తెలుపుకు మారగానే పట్టకారుతో పట్టి వంపాలి అని గుర్తు కూడా చెబుతుంది. ఇంకో పద్ధతిలో నీళ్లున్న పాత్ర కింద, దాని మీద చిల్లుల మూత, ఆపైన బోర్లించిన మూష. ఆవిరి కిందికి దిగి చల్లబడి నీళ్లలో పడుతుంది.

ఇదంతా ఎవరో ఊహించి రాశారని అనుకోవచ్చు. కానీ రాజస్థాన్‌లోని జావర్‌లో 1983లో తవ్వినప్పుడు అచ్చం అలాంటి కొలుములే బయటపడ్డాయి. చిల్లుల పలక మీద వంకాయల్లాంటి మట్టి మూషలు, ఒక్కో కొలిమిలో 36, గొట్టాలు కిందికి ఉండేలా తలకిందులుగా పేర్చినవి. వాడి పారేసిన మూషలు అక్కడ గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. వాటినే ఇటుకల్లా పేర్చి పాతకాలంలో ఇళ్ల గోడలు కట్టుకున్నారు. ఐరోపాలో బ్రిస్టల్‌కు చెందిన విలియం ఛాంపియన్ ఇదే పనికి పేటెంటు తీసుకున్నది 1738లో. జావర్‌లో అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే టన్నుల కొద్దీ తీశారు. తర్వాత పని ఆగిపోయింది, జనం మరిచిపోయారు. పోయిన విద్య అని దేన్నైనా అనాలంటే నేను దీన్నే అంటాను.

పాదరసం కూడా ఇలాగే గుట్టు దాచుకోలేని సరుకు. చైనాలో తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధిలో పాదరసపు నదులు పారించారని పాత చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. సమాధి ఇంకా తెరవనే లేదు, అయినా పైనున్న మట్టిలోనే పాదరసం మోతాదు ఎక్కువగా కనిపించింది. మెక్సికోలోని తియోతివాకన్‌లో గుడి కింది సొరంగంలో 2015లో ద్రవరూపంలోనే దొరికింది. అక్కడ ఇంజిన్ ఉందని ఎవరూ అనలేదు లెండి. సొంత వ్యవహారం ఒకటి చెప్తాను. స్కూల్లో పగిలిన థర్మామీటర్ పాదరసాన్ని అరచేతిలో దొర్లించి ఆడుకుని ఇంటికొచ్చి అమ్మ ఉంగరం పట్టుకున్నాను. బంగారం తెల్లబడింది, ఆ సాయంత్రం నా వీపు ఎర్రబడింది. చుక్క తగిలితేనే ఇంత జాడ వదిలేది, విమానాల కొద్దీ మండించి ఉంటే ఎక్కడా ఏ ఆనవాలూ లేకుండా ఎలా పోతుంది?

రసరత్న సముచ్చయంలో తప్పుల్లేవని కాదు. బంగారం చేయడం, ముసలితనం పోగొట్టడం లాంటి కబుర్లు బోలెడు. అందులోని పాదరసం మందుల జోలికి ఇంట్లో ఎవరూ పోవద్దు, శుద్ధి చేశామన్నా సరే. నూరడం కూడా వద్దు, ఆవిరి చాలు మనిషిని పాడు చేయడానికి.

రసార్ణవం, మన బసవరాజీయం కూడా అడుగుతుంటారు. మొదటిది తంత్రం ఎక్కువ, రెండోది వైద్యులకు. మొదటిసారి చదివేవాళ్లు రెండూ పక్కన పెట్టొచ్చు. రసవాదిగా పేరున్న శ్రీశైలం నాగార్జునుడి కథలు వినడానికి బాగుంటాయి.

మేనల్లుడు జింక్ పేజీలు చదివేశాడట. నిన్న ఫోన్ చేసి, "మావయ్యా, ఉదయ్‌పూర్ నుంచి జావర్ నలభై కిలోమీటర్లేనట, దసరా సెలవుల్లో వస్తావా?" అన్నాడు. విమానాల ఊసెత్తలేదు, ఉదయ్‌పూర్‌కు విమానం టికెట్ ఎంత అని అడగడం తప్ప.